మగమందు

కోతలయ్య చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేస్తే అప్పుడు నిజం దొరుకుతుందని చేపపిల్లల హేచరీలో పనిచేసేవాళ్ళు అనుకునేవారు. అంత శ్రమెందుకు, మొత్తం తీసేస్తే సరిపోతుంది కదా అనేది ఆయన భార్య. అసలు పేరు ఏదో ఉండేది గానీ, పిలిచేవాళ్ళు లేక అది కూడా ఆయన చెప్పిన కథల్లో ఒకటైపోయింది.

ఆ ఉదయం చేపపిల్లల కోసం వచ్చిన వ్యాను డ్రైవరు కొత్తవాడు. కొత్త మనిషి దొరికితే కోతలయ్యకి ఆకలి కూడా తెలియదు. రేకుల షెడ్డు కింద పట్టా పరిచి, దాని మీద జల్లించిన మేతపొడి గుట్టగా పోసి, మధ్యలో గుంట చేసి, స్పిరిటులో కరిగించిన మందుని సీసాలోంచి సన్నటి ధారగా వదులుతున్నాడు. ఒక చేత్తో పోయడం, రెండో చేత్తో కలపడం. ఉండ కడితే వేళ్ళ మధ్య నలిపి పొడి చేయడం. ఎండు చేపపొడి, తవుడు, స్పిరిటు కలిసిన ఆ వాసన కొత్తవాళ్ళకి కళ్ళనీళ్ళు తెప్పిస్తుంది.

"ఏం మందు బాబాయ్ ఇది?" అన్నాడు డ్రైవరు, ముక్కు మూసుకుని.

"మగమందు."

డ్రైవరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అంటే... ఆ మందా?"

"నీ కోసం కాదు నాయనా, చేపల కోసం. ఆశపడకు." కోతలయ్య సీసా పక్కన పెట్టి మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు. "దీని పవరు తెలియక అడుగుతున్నావు. నిరుడు మా పక్కింటి కోడిపెట్ట గోడ దూకొచ్చి ఈ మేతలో నాలుగు పోట్లు పొడిచింది. తెల్లారేసరికి గోడెక్కి కొక్కొరోకో! తోక చూస్తే ఇంత పొడుగు. పక్కింటావిడ గుడ్ల కోసం బుట్ట పట్టుకొచ్చి, దాని వాలకం చూసి, పరాయి మగాడి ముందు నిలబడ్డట్టు సిగ్గుపడి తల దించుకుని వెళ్ళిపోయింది."

"అబ్బో! మరి చేపలేమవుతాయి?"

"ఏమవుతాయి? నెల్లాళ్ళు ఈ మేత తింటే ఆడపిల్లగా పుట్టింది కూడా మగపిల్లాడై కూర్చుంటుంది. నీ వ్యానులో ఎక్కేవన్నీ మగవే."

డ్రైవరు పడీ పడీ నవ్వాడు. "కోడి సంగతంటే ఏదో పోనీలే అనుకోవచ్చు. మరీ ఇంత కోతా బాబాయ్!"

కోతలయ్య నొచ్చుకోలేదు. నిజం చెప్పినప్పుడే జనం ఎక్కువ నవ్వడం ఆయనకి అలవాటే. ఈ జాతి చేపలో ఆడది గుడ్లని నోట్లో పెట్టుకుని, అవి పిల్లలై ఈదేదాకా తిండి మానేస్తుంది. బిడ్డల్ని నోట్లో మోసే తల్లికి ఒళ్ళెక్కడ వస్తుంది? కొనేవాళ్ళకి కావలసింది ఒళ్ళు. అందుకని కంట్లో నలుసంత ఉన్నప్పుడే పిల్లలన్నిటికీ ఈ మందు తినిపించి, మగవాటిని చేసి అమ్ముతారు. హేచరీ కోతలయ్య అక్క మొగుడిది. చేయి కుదిరినవాడు కలిపితేనే మందు అంతటికీ సమంగా పడుతుందని బావ ఆ పని బావమరిదికి అప్పగించాడు.

కలిపిన మేతని నీడలో పలచగా పరిచి ఆరబెట్టి, కోతలయ్య తొట్టి కడగడానికి లేచాడు. తొట్టి అడుగున పట్టిన మేతా, చేపపిల్లల్ని పెంచే వలల్లో అవి తినకుండా వదిలేసిన ముద్దా కలిసి ఒక బకెట్టుడు అయింది. ఆ నీళ్ళు షెడ్డు వెనక తవ్విన గుంటలో పారబోయాలని పద్ధతి. గుంట పూడిపోయి చాలా కాలమైంది. తవ్విద్దాంలే అని బావ అంటూనే ఉన్నాడు. కానీ కోతలయ్య అటు వెళ్ళకపోవడానికి కారణం గుంట కాదు. అంత మంచి మేతని బురదపాలు చేయడానికి ఆయనకి మనసొప్పదు. హేచరీకి దిగువనే చెరువు. మెట్ల దగ్గర నిలబడి బకెట్టు అంచు మీద రెండుసార్లు తడితే కప్పపిల్లలు ముసిరేవి. నీళ్ళు నల్లబడిపోయేవి. తోకలాడించుకుంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కి తినేవి. మూడు వానాకాలాలుగా ఆయన వాటికి వడ్డిస్తున్నాడు. "ఈ చెరువులో కప్పలు అంత గట్టిగా అరుస్తున్నాయంటే ఎవరి తిండి తిని అనుకున్నారు?" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఊరంతా నవ్వింది.

ఆ ఉదయం బకెట్టు తట్టాడు. నాలుగైదు వచ్చాయి. ఇంకాసేపు తట్టాడు. మేత నీళ్ళలో తెల్లగా విడిపోయి అలాగే అడుక్కి దిగిపోయింది. అవతలి ఒడ్డుకి వలస పోయాయేమోలే అనుకుంటూ, ఖాళీ బకెట్టు చేతిలో ఊపుకుంటూ గట్టు మీద నడిచాడు.

గట్టు వాలులో పూలన్న బంతితోట. ఇద్దరికీ పాతికేళ్ళ స్నేహం. ఆయన పూలు కోస్తాడు, ఈయన కోతలు కోస్తాడు, ఇద్దరికీ అంతే తేడా అని చెరువు సంఘం ప్రెసిడెంటు అంటుండేవాడు. గట్టు నేల సంఘానిది. ఏటా పూలన్నకే కౌలుకి ఇస్తున్నారు. ఆ ఉదయం పూలన్న సాళ్ళ మధ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చేతులు కట్టుకోవడం కోతలయ్య ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, కాలేజీ నుంచి కప్పల్ని చూడ్డానికి వస్తున్న అమ్మాయి. జనం ఆమెని కప్పలమ్మాయి అంటారు. ఆమె పక్కన తడిగుడ్డ కప్పిన బకెట్టు.

"ఏమ్మా, మా కప్పలకి ఏమైనా సంబంధాలు చూశావా?" అన్నాడు కోతలయ్య.

"సంబంధాలు కుదరడంలేదు పెద్దయ్యా. అందరూ పెళ్ళికొడుకులే."

"అంటే?"

ఆమె గుడ్డ కొంచెం తీసి ఒక కప్పని అరచేతిలో పట్టుకుంది. దాని గొంతు కింద వదులుగా వేలాడుతున్న నల్లటి చర్మాన్ని బొటనవేలితో చూపించింది. "ఇది మగదానికే ఉంటుంది. దీన్ని ఉబ్బించే అరుస్తుంది. ఇటువైపు పట్టినవన్నీ ఇలాంటివే. గుడ్ల ముద్ద ఒక్కటి కూడా కనపడలేదు."

"అదేమిటి, సాయంత్రమైతే చెవులు చిల్లులు పడుతున్నాయి కదా! ఎప్పుడూ లేనంత అరుస్తున్నాయి."

"అందుకే అరుస్తున్నాయి. ఆడది వచ్చేదాకా మగది పిలుస్తుంది. వస్తే ఆపుతుంది. రావడానికి ఆడవి లేవు." కప్పని మెల్లగా బకెట్టులో పెట్టింది. "పిల్లగా ఉన్నప్పుడే ఒంట్లోకి ఏదో వెళ్ళింది. వెళ్ళి ఇలా మార్చేసింది. ఏమిటో ఇంకా తెలీదు. నీళ్ళు పరీక్షకి పంపాను."

కోతలయ్య చేతిలో ఊగుతున్న బకెట్టు ఆగింది.

"పురుగుమందే అంటున్నారు సంఘంవాళ్ళు," అన్నాడు పూలన్న, నేల చూస్తూ. "నేను కొట్టేదే."

"వాళ్ళంటున్నారు, నేనింకా అనలేదు," అంది కప్పలమ్మాయి. కోతలయ్య వైపు తిరిగింది. "మీ హేచరీ నీళ్ళు గుంటలోకే వెళతాయి కదా పెద్దయ్యా? మీ ఓనరుగారు చూపించారు."

"ఆఁ," అన్నాడు కోతలయ్య.

జీవితంలో అన్ని అబద్ధాలు చెప్పాడు. కోడికి తోక మొలిపించాడు, చేప కడుపులో గడియారం దొరికిందన్నాడు, పిడుగుని గొడుగుతో ఆపానన్నాడు. వాటిల్లో ఇంత పొట్టి అబద్ధం ఒక్కటీ లేదు. ఖాళీ బకెట్టుని వెనక్కి మార్చి పట్టుకున్నాడు.

హేచరీకి తిరిగొచ్చేసరికి బావ షెడ్డు చివర కుర్చీ వేసుకుని, చిరిగిన వలలు ముందేసుకుని కూర్చున్నాడు. అక్క పక్కనే స్టూలు మీద కూర్చుని సూదీ దారంతో వల కుడుతోంది. కోతలయ్య సగం చెప్పేసరికే బావ చెయ్యెత్తాడు.

"ఆగు. నువ్వు చెరువులో పోస్తున్నావని నాకు తెలీదు."

"ఎన్నిసార్లు చూశావు బావా! పొద్దున్నే కప్పలకి టిఫిను పెట్టావా అని నువ్వే కదా..."

"చూసినా నాకు తెలీదు. అర్థమైందా?" బావ వల పక్కకి నెట్టాడు. "ఒరేయ్, నేను నీ మీద అరవడంలేదు. గుంట తవ్వించనిది నేను. తప్పంటూ ఉంటే నాది. ఎల్లుండి సంఘం మీటింగు. పూలన్న మందు కొట్టాడు, నీళ్ళు చెడ్డాయి, గట్టు ఇంకొకరికి ఇస్తారు. అంతటితో అయిపోతుంది. ఆయనకి ఇంకోచోట నేల దొరక్కపోదు. హేచరీని ఎత్తుకెళ్ళి ఇంకోచోట పెట్టగలమా?"

"ఆయన ఏ పాపం ఎరగడు బావా."

"మందు కొట్టాడా లేదా?"

"కొట్టాడు. అది ఆకుపురుగుకి. దాంతో కప్పలు మగవవుతాయా?"

"నీకేం తెలుసు? నువ్వేమైనా డాక్టరువా? ఆ అమ్మాయికే తెలీదంటోంది కదా." బావ లేచి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగానే ఉంది గానీ ప్రేమగా కూడా ఉంది. అదే వచ్చిన చిక్కు. "రేపట్నుంచి గుంటలో పొయ్యి. మిషను పిలిపించి తవ్విస్తాను. ఇక మీద తప్పు జరగదు. జరిగిపోయినదాన్ని తవ్వుకోవడం ఎందుకు?"

అక్క తలెత్తలేదు. దారం పళ్ళతో కొరికి, ముడి వేసి, "వాడికి కాస్త టీ ఇవ్వమంటారా?" అంది మొగుణ్ణి. తమ్ముణ్ణి అడగలేదు. టీ గ్లాసు చేతికి ఇచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం వదల్లేదు. ఇద్దరి వేళ్ళూ ఆ వేడి గ్లాసు మీదే ఉన్నాయి. తర్వాత వదిలేసి మళ్ళీ సూది అందుకుంది.

మర్నాడు కోతలయ్య బకెట్టు గుంట దగ్గరికి మోశాడు. గుంట నిండి గట్టిపడి ఉంటే పారతో ఒక మూల తవ్వి, అందులో పోసి, మన్ను కప్పాడు. నడుం పట్టేసింది. ఎవరూ అడగకపోయినా మళ్ళీ తవ్వి, ఇంకొంచెం లోతు చేశాడు. మేత కోసం వచ్చిన పనివాళ్ళు "ఏం బాబాయ్, నిధి దొరికిందా?" అంటే నవ్వలేదు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి అన్నానికి కూర్చున్నాడు.

భార్య కూర వడ్డిస్తూ మొహంలోకి చూసింది. "జ్వరమా?"

"కాదు."

"మరి, కంచం ముందు కూర్చున్నప్పట్నుంచి ఒక్క అబద్ధం చెప్పలేదే!"

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత జరిగిందంతా ఆమెకి చెప్పాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టి పూర్తిగా విన్నది. అన్నేళ్ళ కాపురంలో ఆయన మాట ఆమె మొదటిసారి మొత్తం నమ్మింది. నమ్మిన మొహం ఎలా ఉంటుందో చూశాక, ఆమె నమ్మకపోతేనే బాగుండేదనిపించింది ఆయనకి.

"ఇప్పుడు నాతో చెప్పి ఏం లాభం?" అంది. "పూలన్నయ్యతో కదా చెప్పాల్సింది."

సాయంత్రం గట్టు మీదకి వెళ్ళాడు. ఎండ వాలి పువ్వులన్నీ పసుపుగా మండుతున్నాయి. మరో నాలుగు రోజుల్లో కోతకొచ్చే మొగ్గలు గుప్పెళ్ళు ముడుచుకున్నట్టు బిగిసి ఉన్నాయి. పూలన్న మందు డబ్బాలన్నీ ఒక గోనెసంచిలో వేసి మూతి కడుతున్నాడు. మందు కొట్టే పంపుని కడిగి బోర్లించాడు. దాని గొట్టం ఊడదీసి పక్కన పెట్టాడు.

"ఏమిటన్నా ఈ సర్దుడు?"

"రా తమ్ముడూ, కూర్చో." పూలన్న గట్టు రాయి మీద చోటిచ్చాడు. "నిన్న ఆ అమ్మాయి అరచేతిలో కప్పని చూశాక ముద్ద దిగలేదురా. ఆ అమ్మాయి దాని గొంతు చూపిస్తుంటే అది నన్నే చూస్తున్నట్టుంది. నేనెప్పుడైనా అనుకున్నానా ఇలా అవుతుందని? గాలి అటు వీచేటప్పుడు కొట్టకూడదని జాగ్రత్తగానే ఉన్నాను. అయినా పోయి ఉంటుంది. నీళ్ళ పక్కన చేస్తే పోకుండా ఎలా ఉంటుంది?"

"నీ మందు వల్ల కాదన్నా."

"నువ్వు ఓదారుస్తావులే." పూలన్న సంచి ముడి బిగించాడు. "మొక్కలన్నీ పీకేద్దామనుకుంటున్నా. మందు లేకుండా ఈ పంట నిలవదు. ఉంచితే చూసి చూసి ఎప్పుడో మళ్ళీ డబ్బా పట్టుకుంటాను. నా సంగతి నాకు తెలీదా? నేనే పీకేశానని మీటింగులో చెబుతాను. గట్టు ఉంచితే ఉంచుతారు, లేకపోతే లేదు. కప్పలైనా బతుకుతాయి."

కోతలయ్య రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. కింద చెరువులో ఒకటి మొదలుపెట్టింది. దానికి ఇంకొకటి అందుకుంది. చూస్తుండగానే ఒడ్డు పొడుగునా బెకబెకలు.

"అన్నా, నీ మీదొట్టు, చెప్పేది విను. అది నా పని. చేపపిల్లలకి నేను కలిపే మేతుంది చూడు, అందులో మందుంటుంది. ఆడపిల్లల్ని మగపిల్లలుగా మార్చే మందు. మిగిలిన మేత నేను తీసుకెళ్ళి కప్పపిల్లలకి వేశాను. అది తిని ఇవి కూడా అన్నీ మగవైపోయాయి."

పూలన్న ఆయన మొహంలోకి చూశాడు. పెదవులు వణికాయి. తర్వాత నవ్వాడు. కడుపు పట్టుకుని, రాయి మీదకి ఒరిగిపోయి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"ఓరి నీ కోతలు తగలెయ్య! నా చెవిలో పువ్వు పెడతావా? ఊరందరికీ పువ్వులమ్మేవాణ్ణిరా నేను! ఆ కోడి గుడ్లు మానేసిందన్నావు, ఇప్పుడు కప్పలా?" ఊపిరి తీసుకుని మళ్ళీ నవ్వాడు. "నిన్నట్నుంచి గుండెల మీద బండ పెట్టినట్టుంది. నువ్వొచ్చి కాస్త తీశావు. నవ్వించడానికే వచ్చావు కదూ? నాకు తెలుసులే."

కాదన్నా అనాలి. నిజమన్నా అనాలి. కానీ ఆ మనిషి మొహం అప్పుడే విచ్చుకుంది. ఇంకా చెప్పాలంటే, ఆ నవ్వుతో పాటు కోతలయ్య గుండెల మీద బండ కూడా లేచిపోయింది. చెప్పేశాడు కదా. ఒకమాటు నోరు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. నమ్మకపోతే అది తన తప్పా? రేపు మీటింగులో ఇంకా గట్టిగా చెప్పొచ్చు. ఇప్పటికి ఇది చాలు.

ఆయన కూడా నవ్వాడు.

ఇంటికెళ్ళి, చెప్పావా అని భార్య అడిగితే, చెప్పానన్నాడు.

మీటింగు రోజున మేత కలిపే పని తెల్లవారకముందే పట్టుకున్నాడు. చేతులు ఆ పని చేస్తుంటే నోరు ఏం మాట్లాడాలో వరస పెట్టుకుంటోంది. ఆరబెట్టడం అయ్యాక, చేతులు ప్యాంటుకి తుడుచుకుని నేరుగా సంఘం గదికి బయల్దేరాడు. దారి గట్టు మీదనుంచే.

బంతితోట లేదు.

సాళ్ళు ఉన్నాయి. సాళ్ళ పక్కన మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి కుప్పలు కుప్పలుగా వేసి ఉన్నాయి. వేళ్ళకి పట్టిన మన్ను ఇంకా తడిగా ఉంది. మొగ్గలు మాత్రం తమకి ఏమీ తెలియనట్టు అలాగే బిగిసి ఉన్నాయి. ఒక్కో కుప్పా ఎంత జాగ్రత్తగా పేర్చి ఉందంటే, కోసి మార్కెట్టుకి పంపడానికి పేర్చినట్టే ఉంది. కోతలయ్య కాళ్ళు అక్కడే నిలబడిపోయాయి. నిన్న సాయంత్రం తను కూర్చున్న రాయి మీద పూలన్న కండువా ఆరేసి ఉంది.

సంఘం గది కప్పల తక్కెడలా ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ఒకరు మాట్లాడుతుంటే ఇద్దరు లేస్తున్నారు. ప్రెసిడెంటు బల్ల కొట్టీ కొట్టీ అరచెయ్యి ఎర్రగా చేసుకున్నాడు. కప్పలమ్మాయి ఒక మూల కూర్చుంది. బావ ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో.

"పూలాయన తనే మొక్కలు పీకేశాడు," అన్నాడు ప్రెసిడెంటు. "అంటే తప్పు తనదేనని ఒప్పుకున్నట్టే. గట్టు ఇంకొకరికి ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదుగా?"

పూలన్న తలూపాడు. గోళ్ళ నిండా మన్ను.

"నాకుంది," అన్నాడు కోతలయ్య. "కప్పల్ని చెడగొట్టింది నేను."

నవ్వులతో గది పైకప్పు లేచిపోయింది.

"నీ కథలు వినలేకే ఆడకప్పలన్నీ ఊరొదిలి పోయుంటాయి!" అన్నారెవరో.

"మందు కలిపిన మేత వేశాను. ఆడవి మగవైపోయే మందు."

"కోడికి పెట్టిన మందేనా మామా?"

అందరికంటే గట్టిగా బావ నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి, కళ్ళతో బతిమాలాడు. "మా బావమరిదికి పొద్దున ఒక కథ పడకపోతే అన్నం అరగదండీ. కూర్చోరా, కూర్చో."

కూర్చుంటే సరిపోతుంది. అందరూ నవ్వుకుని మర్చిపోతారు. కోతలయ్య పూలన్న వైపు చూశాడు. పూలన్న నవ్వడంలేదు, చిరునవ్వుతో చూస్తున్నాడు. నిండు సభలో తన కోసం నవ్వులపాలవుతున్న స్నేహితుణ్ణి చూసే చూపు. చాల్లేరా అన్నట్టు చెయ్యి ఊపాడు కూడా. ఆ చెయ్యి చూశాక కోతలయ్యకి కూర్చోవడం చాతకాలేదు.

"కోడి సంగతి అబద్ధం," అన్నాడు. "మా పక్కింట్లో కోడే లేదు."

ఆ మాటకి నవ్వు తడబడింది. కోతలయ్య తన కథని తనే కాదనడం ఎవరూ వినలేదు.

"షెడ్డులో పట్టా మీద కలుపుతాను. తెల్లపొడి, స్పిరిటులో కరుగుతుంది. తొట్టి కడిగిన నీళ్ళు, వలల్లో మిగిలిన మేత, ఒక బకెట్టు అవుతుంది. గుంటలో పోయాలి. గుంట పూడిపోయింది. చెరువు మెట్ల దగ్గర, ఎడంపక్క, నీళ్ళలోకి దిగిన ఆఖరి మెట్టు మీద నిలబడి పోస్తాను. రోజూ. బకెట్టు తడితే వచ్చేవి." ఆగాడు. ఇంకేమైనా కలపాలేమోనని నోరు వెతుక్కుంది. కలపడానికి ఏమీ లేదు. "అంతే."

ఎవరూ నవ్వలేదు. కప్పలమ్మాయి లేచి నిలబడింది.

"ఎన్నాళ్ళుగా పెద్దయ్యా?"

"మూడు వానాకాలాలు."

"మొన్న అడిగితే గుంటలోకే అన్నారు."

"అన్నాను."

"ఆ మేత కొంచెం ఇస్తారా? నీళ్ళతో పాటు అది కూడా పరీక్ష చేయాలి."

"ఇస్తాను."

ప్రెసిడెంటు బావ వైపు చూశాడు. బావ చొక్కా గుండీ సర్దుకుని, లేచి, కోతలయ్య పక్కనుంచి వెళ్తూ, "ఈ మాట ఇంటికొచ్చి మీ అక్కకి కూడా చెప్పు. నా వల్ల కాదు," అన్నాడు. గొంతులో కోపం లేదు. బయటికి వెళ్ళేటప్పుడు గడప చూసుకోక తూలాడు.

"సరే, మందు సంగతి తేలేదాకా గట్టు సంగతి ఎత్తం," అన్నాడు ప్రెసిడెంటు. "గట్టు పూలాయనదే. హేచరీ నుంచి చుక్క నీళ్ళు కూడా చెరువులోకి రాకూడదు. ఏమయ్యా పూలాయనా, సంతోషమేగా?"

పూలన్న కుర్చీ ఖాళీగా ఉంది.

గట్టు మీద ఆయన కుప్పల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేళ్ళకి మన్ను బాగా పట్టి ఉన్న మొక్కల్ని ఏరి ఒక పక్కన పెడుతున్నాడు. వాడిపోయినవాటిని ఇటు విసిరేస్తున్నాడు. ఏరినవి చాలా తక్కువ. మబ్బు పట్టడంతో మధ్యాహ్నమే కప్పలు మొదలుపెట్టాయి. ఆ మూలనుంచి ఈ మూలదాకా, సందు లేకుండా.

కోతలయ్య వచ్చి నిలబడ్డాడు. పూలన్న తలెత్తకుండా ఇంకో మొక్క తీసి, వేళ్ళు చూసి, విసిరేశాడు.

"నిన్న నువ్వు చెబితే నవ్వాను," అన్నాడు. "నాకు తెలీక నవ్వాను."

"అన్నా..."

"నువ్వెందుకు నవ్వావురా?"

కోతలయ్య నోరు తెరిచాడు. ఎప్పుడూ ఏదో ఒకటి సిద్ధంగా ఉండే నోరు. కింద కప్పలు పిలుస్తున్నాయి. ఆపకుండా, అలుపు లేకుండా, వచ్చేవాళ్ళెవరో ఉన్నట్టే పిలుస్తున్నాయి. ఆయన నోరు మూసుకుని, పూలన్నకి కాస్త ఎడంగా గొంతుక్కూర్చున్నాడు. కుప్పలోంచి పచ్చగా ఉన్న ఒక మొక్క కోసం చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు," అన్నాడు పూలన్న. "పొద్దున మేత కలిపి వచ్చావా?"

"కలిపే వచ్చాను."

"చేతులు కడుక్కునిరా."

వెళ్ళిపొమ్మనలేదు. కడుక్కునిరమ్మన్నాడు. కోతలయ్య గబగబా లేచి వాలు దిగి మెట్ల మీదకి వెళ్ళాడు. ఆఖరి మెట్టు మీద కూర్చుని, ముందుకి వంగి, రెండు చేతులూ నీళ్ళ మీదకి చాపాడు. గోళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో మేతపొడి తెల్లగా ఉంది. కింద నీళ్ళలో తోక ఇంకా రాలని కప్పపిల్ల ఒకటి పైకొచ్చి, ఆ చేతుల నీడలో ఆగి, నోరు తెరిచింది.

ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. లేచి, వాటిని ఒంటికి తగలనివ్వకుండా దూరంగా పట్టుకుని, నీళ్ళు ఇంకెక్కడ దొరుకుతాయా అని చుట్టూ చూశాడు.